అచ్చుమెరుగు

ప్రమాథి సంవత్సర కార్తికమాసపు కడపటి దినములలో వానకారు మేఘములెల్ల కడలి యంచునకు తొలగిపోయి వేకువ కురిసిన మంచు తాటియాకులపై చుక్కలు చుక్కలుగా నిలిచి యెండ యెక్కినకొలది కరగుచు భీమునిపట్టణపు రేవునందలి పాత గిడ్డంగుల సున్నపుగోడలు లేతవెలుగున తడితడిగా మెరయుచుండ సముద్రపుగాలికి తలుపుల చీలలు సైతము తుప్పుపట్టిన యొక పెంకుటింటి నడవలో మాణిక్యమ్మ తన తమ్ముని రంగూను ప్రయాణమునకై తోలుసంచి సర్దుచుండెను. నాలుగు ధోవతులు, ఒక గళ్లదుప్పటి, ఓడలో కడుపు త్రిప్పినప్పుడు నోట వేసికొనుటకు ఎండిన ఉప్పునిమ్మ బద్దలు, శొంఠిపొడి పొట్లము, తడిసినను చెడకుండ మైనపుగుడ్డలో చుట్టిన చిరునామా కాగితము. సర్దినదానినే మరల తీసి మరల సర్దుచు శొంఠి యడుగున నున్నదా పైన నున్నదా యని ఆమె పలుమారులు చేయి పెట్టి తడవుకొనుచుండెను. ఓడ వచ్చుటకింకను ఆరు దినములుండెను. ఇంత ముందుగా సర్దుటలో ఆమెకొక కోరిక దాగియుండెను. సర్దిన సంచిని ఆ యారు దినములలోపలనే విప్పివేయునట్టి శుభవార్త యొకటి ఆ యింటికి రానున్నదని ఆమె నమ్మియుండెను.

ఆ తమ్ముడు ఇమ్మిడిసెట్టి లోకనాథము నలుబదిరెండేండ్లవాడు. భార్య పురిటిలో పోయిన పిదప మరల పెండ్లి యాడలేదు. మాణిక్యమ్మ అతనికంటె పదియేండ్లు పెద్దది. పదునాల్గవ యేట భర్తను పోగొట్టుకొని పుట్టినింటికి వచ్చి తల్లి గతించిన నాటినుండి ఆ తమ్మునే బిడ్డగా పెంచి అతని పుస్తకములనుండియే యెవ్వరును చెప్పకుండ తనంత తాను అక్షరములు కూడబలుకుకొని చదువ నేర్చినది. లోకనాథము రేవునందలి యొక యెగుమతి కచేరీలో గుమాస్తాగా నుండెను. విశాఖపట్టణమున క్రొత్త హార్బరు తెరచిన తరువాత ఓడలు క్రమక్రమముగా భీమునిపట్టణమును మరచిపోగా ఆ కచేరీ మూతపడెను. రంగూనులోని ధాన్యపు మిల్లొకటి అతనిని పిలిచినది. మరియొక దారి లేని పక్షమున అతడు పోవలసియే యుండెను.

వారి తండ్రి జీవించియుండగా పరదేశపు ఓడలకు దుబాషీగా పనిచేసెను. అమెరికా దేశమునుండి వచ్చిన నావికాధిపతులు కొందరు సెలవు పుచ్చుకొనునప్పుడు స్నేహచిహ్నముగ ఇచ్చిపోయిన బంగారు నాణెములు పదునొకండు ఆయన యొద్ద చేరెను. అందులో మూడింటికి తల్లి కొక్కెములు అతికించి కాసులపేరున గ్రుచ్చుకొనగా తక్కిన యెనిమిదియు లోకనాథమునకు దక్కెను.

ఆ యెనిమిదింటి పరీక్షయే అతనికి విద్యయు వినోదమునై యుండెను. ప్రొద్దుట తొమ్మిదిగంటల వేళ తూర్పుకిటికీకడ కూర్చుండి నాణెపు ముఖములు తాకక అంచులనే రెండువ్రేళ్ల పట్టి భూతద్దము క్రింద నెమ్మదిగా వంచుచు ఒకవైపున పదుమూడు నక్షత్రముల నడుమ కిరీటము దాల్చిన స్వేచ్ఛాదేవి నొసటి ముంగురులు విడివిడిగా నున్నవా కలిసిపోయినవా యనియు రెండవవైపున రెక్కలు చాచిన గ్రద్ద మెడయీకలు చేతుల రాపిడికి చదునైనవా లేవా యనియు దాని తోకక్రింద ముద్రణశాలను దెలుపు చిన్నయక్షరము స్పష్టమా కాదా యనియు విచారించి ఆ నాణెము ఎన్ని చేతులు మారినదో సంచిలో తోడి నాణెములచేత ఎన్ని దెబ్బలు తిన్నదో చూచినవానివలె చెప్పగలిగియుండెను.

వీటన్నిటికంటె అతడు గొప్పగా నెంచినది అచ్చుమెరుగు. అచ్చు క్రింద నలిగిన క్షణమున లోహపు మేనికి పుట్టు సన్నని నిగనిగకు అతడు పెట్టుకొన్న పేరది. నాణెమును వంచినప్పుడు వెలుగు బండిచక్రపు ఆకులవలె దానిపై గిర్రున తిరుగును. చేతుల నలిగినకొలది అది కొంచెము కొంచెముగ తరగును. తోమినచో క్షణములో సమూలముగ పోవును. పోయినదానిని ఎవ్వరును మరల తేజాలరు. ఈ సంగతి నతడు దూరపు సంగ్రాహకులకు ఉత్తరములలో పేజీలకు పేజీలు వ్రాసెను గాని ఇంట అక్కగారితో ఎన్నడును చెప్పలేదు. నాణెమును తోముదురని అతనికి తోచనే లేదు.

ఆమె మాత్రము ఆ భూతద్దమును చూచి అతనిని వేళాకోళము చేయుచుండెడిది.

“ఆ దొరసాని జుత్తు అరిగిందో లేదో చూడ్డానికి నీకు అద్దం కావాలిరా. నా మోకాళ్లు అరిగేయని ఏ అద్దమూ లేకండానే తెలుస్తోంది. నన్నెప్పుడైనా చూసేవా?”

“చూసేనప్పా. నువ్వు సంచిలో దొర్లిన నాణేనివి. దెబ్బలున్నాయి గాని అరగలేదు. దెబ్బ వేరు, అరుగుదల వేరు” అని లోకనాథము అద్దమునుండి కన్ను తీయకయే బదులు చెప్పెను.

ఆ మాట ఆమెకు నచ్చినది. పొరుగువారితో రెండుమూడుమారులు చెప్పుకొన్నది కూడను.

విశాఖపట్టణమున ఓలేటి దక్షిణామూర్తి పంతులను వృద్ధన్యాయవాది కలడు. వకాల్తాలు విడిచిపెట్టి నానాదేశముల నాణెములు రెండువేలకు పైగా కూర్చినవాడు. చూపు మందగించుటచే వానిని పరీక్షించి తరగతులవారీగా అమర్చి కాపాడగల మనుష్యుని వెదకుచు లోకనాథము వ్రాసిన ఉత్తరములు చదివి ముచ్చటపడెను. శుక్రవారమునాడు తానే వచ్చి అతని యొద్దనున్న ఇరువది డాలర్ల నాణెము నొకదానిని చూచెదననియు అది ఉత్తరములలో వర్ణించిన రీతినే కాపాడబడియున్నచో ఆ పని అతనికే యిచ్చెదననియు తెలియజేసెను. వారమునకొకమారు బస్సెక్కి యింటికి వచ్చిపోవచ్చును. సముద్రము దాట నక్కరలేదు. మాణిక్యమ్మ ఆశయంతయు ఆ యొక్క నాణెము మీదనే నిలిచియుండెను.

గురువారము మధ్యాహ్నము లోకనాథము పంతులుగారిని వెంటబెట్టుకొని వచ్చుటకై విశాఖపట్టణమునకు బయలుదేరెను. అతడు వీధి మలుపు తిరిగినంతనే మాణిక్యమ్మ రేపు శుక్రవారము కదా యని తలచి ఇంటి కంచునంతయు పెరటిలో వేసి చింతపండుతో తోమి దీపపు కుందులు బంగారువలె మెరయించి పిమ్మట అలమారలోని కాగితపు పొట్లమును విప్పి ఆ నాణెమును చూచెను. అందలి స్వేచ్ఛాదేవి చెంపపై చిన్న యెర్రని మచ్చ యొకటి కలదు. బంగారమున కలిపిన రాగి వలన అట్టి మచ్చలు పుట్టునని ఆమె యెరుగదు. ఆ మచ్చ చూచి గొప్పవారు తన తమ్ముని శుభ్రము తెలియనివానిగ నెంతురేమోయని ఆమె భయపడెను. శుక్రవారపు లక్ష్మీపూజ పీటపై నుంచు బంగారమును తోమనిదే ఆ యింట తల్లి బామ్మలెవ్వరును ఎన్నడును పెట్టియుండలేదు. కుంకుడు నురుగులో నానవేసి పట్టుగుడ్డతో రుద్దెను. మచ్చ పోలేదు. మెత్తని ముగ్గుపిండి అద్ది మరల రుద్దెను. మచ్చ పోయెను. నాణెము దీపపు కుందులతోపాటు ధగధగలాడెను. ఆమె కన్నుల కద్దుకొని పొట్లము కట్టి యథాస్థానమున పెట్టెను. ఆ దినమంతయు ఆమెకు సంతోషముగ నుండెను.

మరునాడు ప్రొద్దుట పంతులుగారి మోటారు వీధిలో ఆగెను. మాణిక్యమ్మ వంటింటి తలుపుచాటున నిలిచెను. భర్త పోయిన స్త్రీ శుభకార్యమునకై వచ్చిన పరపురుషునికి ఎదురుపడరాదని ఆమెకు పదునాల్గవయేట చెప్పిరి. ఆ మాటను ఆమె నాటినుండి ఒక్కనాడైనను తప్పలేదు.

లోకనాథము కిటికీకడ బల్లపై పొట్లమునుంచి నవ్వుచు విప్పెను. విప్పిన చేయి విప్పినట్లే నిలిచిపోయెను. పంతులుగారు నాణెమును అంచుల పట్టి వెలుతురున వంచిరి. వెలుగు తిరుగలేదు. అద్దపు బిళ్లవలె ఒక్కచోటనే నిలిచి కంటికి కొట్టెను. భూతద్దము క్రింద స్వేచ్ఛాదేవి చెంపనిండ వెంట్రుకవంటి గీతలు వేలకొలది కానవచ్చెను. నక్షత్రముల సందులలో తెల్లని పిండి యింకను చిక్కుకొనియుండెను. ఆయన భూతద్దమును బల్లపై పెట్టిరి.

“దీన్ని ఎవరు తోమేరు లోకనాథంగారూ?”

తలుపుచాటున మాణిక్యమ్మకు ఏదో ఘోరము తనవలన జరిగినదని మాత్రము తెలిసినది. ఆమె కుడికాలు గడప దాటి అవతల మోపబడెను. లోకనాథము తలుపువైపు చూడలేదు. ఆమె దిక్కునకు వీపు త్రిప్పి నిలిచి ఇట్లనెను.

“నేనేనండి. తమరొస్తున్నారు కదా, కళకళలాడుతూ ఉంటే బాగుంటుందనుకున్నాను.”

“మీ ఉత్తరాలు రాసిన చెయ్యీ, ముగ్గుపిండి పట్టిన ఈ చెయ్యీ ఒకటేనంటే నమ్మడం కష్టంగా ఉందండి” అని పంతులుగారు కోపములేని గొంతుకతోనే చెప్పిరి. “మీరు చెబుతున్నారు గనక నమ్ముతాను. కాని నా నాణేలు ఆ చేతిలో పెట్టలేను. నాణెం పోయినందుకు కాదు. తెలిసి తోమినవాడు రేపు మళ్లీ తోముతాడు.”

మాణిక్యమ్మ గడప దాటిన కాలును మెల్లగా వెనుకకు తీసికొన్నది. ఆ కాలు అవతలనే నిలిపి నాలుగు మాటలు పలికియున్నచో చాలియుండెడిది. మోటారు చప్పుడు దూరమైన తరువాత లోకనాథము పెరటికి పోయి కాళ్లు కడుగుకొని వంటింటిలో పీట వాల్చుకొని కూర్చుండెను. ఆమె ఏదో చెప్పబోయినది.

“అన్నం పెట్టప్పా. ఆకలేస్తోంది.”

ఆమె వడ్డించినది. అతడు సగము తిన్న పిమ్మట ఆ నింద నీ మీద ఎందుకు వేసికొంటివని కన్నీటితో అడిగినది. అతడు విస్తరివైపు చూచుచు చెప్పెను.

“నీ పేరు చెబితే ఆయన గుమ్మంవేపు చూసేవాడు. ఆ చూపు నీమీద పడ్డం నాకిష్టం లేదు. ఇంక ఆ మాట వదిలెయ్.”

ఆరవనాడు ఓడ వచ్చి రేవునకు దూరముగ లంగరు వేసెను. లోకనాథము పడవలో పోయి దాని నెక్కెను.

రెండేండ్లు గడచెను. నెలకొక ఉత్తరము రంగూనునుండి వచ్చుచుండెను. ప్రతి ఉత్తరమును చదివి ముగించినప్పుడెల్ల పంతులుగారికి నిజము వ్రాయవలెనని ఆమె కాగితము తీసెడిది. తమ్ముని అబద్ధీకుడందురేమో యనియు వ్రాత చూచి నవ్వుదురేమో యనియు అప్పటికే మరియొకరికి ఆ పని యిచ్చియుందురేమో యనియు భయపడి చింపివైచెడిది. పంతులుగారి కెవ్వరును దొరకలేదని పోస్టుమాను నోట విన్నప్పుడుగాని ఆ భయము తీరలేదు. వృష సంవత్సర భాద్రపదమాసమున పెద్దపెద్ద యక్షరములతో ఆమె ఉత్తరము వ్రాసి ముగించినది. బదులు నాలుగవనాడే వచ్చెను.

“అమ్మా, ఆనాడే మీరు గడప దాటి వచ్చి యీ మాట చెప్పియుండినచో మీ తమ్ముని ఆ మోటారులోనే తీసికొనిపోయియుందును. తెలియక తోమినవారిపై నాకు కోపము లేదు. ఒకరి తప్పును తనదిగా మోయగలవాని చేతిలో నా నాణెములు క్షేమముగ నుండును. వెంటనే రప్పింపుడు.”

ఆమె ఆ కాగితమును నకలు తీసి రంగూనునకు పంపెను. లోకనాథము తనకు నవ్వు వచ్చినదనియు అప్ప వ్రాత మునుపటికంటె కుదురుకొన్నదనియు వ్రాసి మిల్లువారితో చెప్పిన గడువు తీరిన వెంటనే పుష్యమాసాంతపు ఓడకు వచ్చెదనని తెలియజేసెను. ఆమె ఆ ఓడ పేరు కనుగొని దాని ప్రయాణికులు దిగు వేళను కూడ విచారించి యుంచుకొన్నది.

పుష్యమాసారంభముననే రంగూనుపై జపానువారి బాంబులు పడెను. ఓడలలో చోటు దొరకలేదు. ఆ దేశమున నున్న మనవారు వేలకొలది పిల్లలను భుజముల కెత్తుకొని అడవులును కొండలును దాటి నడచుచు వచ్చిరని పత్రికలలో పడినది. ఆమె పత్రికలన్నియు చదివినది. తిరిగివచ్చిన వారిలో ఒకడు భీమునిపట్టణము వాడే. లోకనాథము తమతోనే కదలెననియు ఏడవనాటి మజిలీలో జ్వరము తగిలిన యొక ముసలివానికి తోడుగ వెనుక నిలిచెననియు ఆ పిమ్మట తాము చూడలేదనియు అతడు చెప్పెను.

ఇమ్మిడిసెట్టి లోకనాథము 1942వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో రంగూను విడిచి కాలినడకను బయలుదేరెను. తిరిగి రాలేదు.