కల్తీలేని పెట్రోలు

ఇథనాల్ కలిపిన పెట్రోలంటే ఆమె భర్తకు ఒళ్ళుమంట. అది మైలేజీ మింగేస్తుందని, ఇంజన్ని లోపల్నుంచి తినేస్తుందని ఇంటికొచ్చిన వాళ్ళకు కాఫీకన్నా ముందే వడ్డిస్తాడు. ఊరవతల ఒక్క బంకులో అచ్చమైన పెట్రోలు దొరుకుతుందని ఎవరో చెవిన వేస్తే, ప్రతిసారీ అంతదూరం పోయి పోయించుకొస్తాడు. పోయి రావడానికి ఎంత కాలిందని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

దాన్నీ నమ్మడు. కొంచెం గాజుసీసాలోకి తీసి, నీళ్ళు కలిపి గిలక్కొట్టి చూస్తాడు. ఇథనాల్ ఉంటే నీళ్ళలో కలిసి, అడుగున నీళ్ళ మట్టం పెరుగుతుందట.

ఇంతటి రాజవాహనాన్ని ఆమె ముట్టుకోవడానికి పెళ్ళయిన ఇన్నేళ్ళకు అనుమతి దొరికింది. ఆమె నర్సుగా చేసే ఆసుపత్రి బస్సుల్లేని చోటికి మారింది మరి. ఈరోజు లైసెన్సు రాకపోతే ఉద్యోగం వదులుకోవాల్సిందే.

డ్రైవింగ్ పరీక్ష మైదానంలో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. భర్త మొహం వెలిగిపోయింది.

"చూశారా సార్? ఈసారి బంకువాడు ఇథనాల్ కలిపేశాడు. నేను ప్రతిసారీ పరీక్ష చేస్తానండీ" అంటూ డిక్కీలోంచి సీసా తీసి లైసెన్సు అధికారికి చూపించాడు.

"పరీక్ష చేసింది ఏం చేస్తారు?"

"మళ్ళీ ట్యాంకులోనే పోసేస్తాను. చుక్క వృథా చేయను."

"నీళ్ళతో సహానా?"

ఆయన సీసాని వెనక్కి దాచుకున్నాడు. అధికారి నవ్వాడు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది, ఆ వెనకే చచ్చేంత కోపమొచ్చింది.

"బండి లేకపోతే పరీక్ష లేదమ్మా" అన్నాడు అధికారి.

"మా కారు తీసుకోండి" అంది పక్కనే ఉన్న డ్రైవింగ్ స్కూలావిడ.

"అందులో ఏ పెట్రోలు పోస్తారు?" అని అడిగాడు ఆయన, బుద్ధి పోనిచ్చుకోకుండా.

"దగ్గర్లో ఏది దొరికితే అదేనండీ."

భార్య అప్పటికే ఆ కారెక్కి కూర్చుంది. ఎక్కడా తడబడకుండా మైదానం చుట్టొచ్చింది. అధికారి సంతకం పెట్టాడు.

"పాసయ్యాను" అంది భర్త దగ్గరికొచ్చి. "రేపట్నుంచి కారు నాకు కావాలి. ట్యాంకులో నీళ్ళు తోడించి ఉంచండి."

"మరి పెట్రోలు?"

"ఆసుపత్రి పక్క బంకులో పోయించుకుంటాను. మీరు రానక్కర్లేదు."