పదిహేడో నంబరు ముద్ర

మధ్యాహ్నం గంట మోగేలోపు సంతకం పెట్టాలి. మేనేజరు గదిలో కాగితం ముందు కూర్చుంది పదిహేడు. ఫ్యాక్టరీలో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఆమె పరీక్షించిన ప్రతి గ్యాస్ సిలిండర్ వాల్వు మీదా పడే ముద్ర నంబరు అది.

పోయిన నెల ఎక్కడో ఒక వంటింట్లో గ్యాస్ లీకై తల్లీకూతుళ్ళు ఒళ్ళు కాలి ఆసుపత్రిలో పడ్డారు. ఆ వాల్వు మీద పదిహేడు ఉంది. 'నా అజాగ్రత్త వల్లే జరిగింది' అని ఆమె ఒప్పుకోవాలట. కంపెనీని కొనడానికి వచ్చిన పెద్దమనుషులు పక్క గదిలో కాఫీ తాగుతున్నారు. తప్పు ఒక కూలిమనిషిదైతే బేరం కుదురుతుంది. ఫ్యాక్టరీదైతే చెడిపోతుంది.

"భయపడకమ్మా, కూతురిలాంటిదానివి," అన్నాడు మేనేజరు. "పెట్టకపోతే మాత్రం పోలీసులొస్తారు. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

ఆలోచించుకోమని సూపర్‌వైజర్ని ఆమె దగ్గర వదిలి వెళ్ళాడు. ఊరికే వదల్లేదు మహానుభావుడు! వాళ్ళిద్దరి సంగతి ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు.

సూపర్‌వైజర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పెట్టెయ్. అమ్మకం అవ్వగానే నన్ను మేనేజర్ని చేస్తారు. వచ్చే నెల్లోనే పెళ్ళి. అమ్మతో మాట్లాడేశాను కూడా."

రెండేళ్ళుగా ఆ మాట కోసమే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది. తీరా వింటుంటే ఆమె కళ్ళు కాగితం మీదే ఆగిపోయాయి. ఆ వాల్వు పరీక్షించిన తేదీ మూడు అని ఉంది.

"మూడో తారీఖున నేను చెల్లి కాన్పుకి వెళ్ళాను కదా? నా ముద్ర నీ చేతికేగా ఇచ్చాను?"

పరీక్ష గదిలో అది మామూలే. సెలవు అడిగితే ఇవ్వరు. ముద్ర పక్కవాళ్ళ చేతిలో పెట్టి చల్లగా జారుకుంటే హాజరు పడుతుంది. అందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. రిజిస్టరు ప్రకారం ఆ రోజంతా ఆమె పనిలోనే ఉంది. కాదని ఎవరు నమ్ముతారు?

అతను తలుపు వైపు చూశాడు. "మెల్లిగా!"

"గాలి ఎక్కించి, నీళ్ళలో ముంచి బుడగలొస్తాయేమో చూశావా, లేదా?"

"గాలి పంపు పాడైంది. లారీలు గేటు దగ్గరున్నాయి, ముద్ర కొట్టి పంపెయ్యమన్నాడు మేనేజరు. నేనేం చెయ్యను?"

"ఎన్ని?"

"నాలుగొందలు."

లీకైంది ఒక్కటే. మిగతావి ఎవరెవరి పొయ్యిల పక్కన ఉన్నాయో! "వాటిని వెనక్కి తెప్పించారా?"

"తెప్పిస్తే కొనేవాళ్ళు ఆగుతారా? పిచ్చిదానా, ఆడదానివని నీకు శిక్ష తక్కువేస్తారు. నా సంగతి ఆలోచించు."

ఇంతకాలం ఈ మనిషి పక్కన కూర్చునా తను టిఫిను తిన్నది! ఏడుపు రాలేదు. భయం మాత్రం ఇంకా పెరిగింది.

తలుపు తెరుచుకుంది. మేనేజరు నవ్వుతూ వచ్చాడు, వెనక కొనేవాళ్ళు ముగ్గురు. "ఏమ్మా, అయిపోయిందా?"

ఆమె ఒక చెయ్యి ఇంకా సూపర్‌వైజర్ చేతిలోనే ఉంది. రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుని లేచింది.

"పెట్టనండి," అంది. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అంది. ఈసారి మేనేజర్ని కాదు, ఆ ముగ్గుర్నీ చూస్తూ.

"పెట్టనండి. పరీక్ష చెయ్యనివి ఇంకా మూడొందల తొంభై తొమ్మిది ఉన్నాయి."

సూపర్‌వైజర్ ఆమె చెయ్యి వదిలేశాడు.