కిటికీ దాటిన పడవ

తప్పు జరిగితే ఊరుకునే రకం కాదు కదా టీవీకి తగిలించిన ఈ కంప్యూటరు, ఒక్క కామా మరిచిపోయినా తప్పు, తప్పు అని మొహం మీదే చెప్పేస్తుంది, మరి ఇవాళ దీని నోరెందుకు పడిపోయింది, అనుకుంటూ డెరిక్ రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో ముందుగది గుమ్మంలోనే నిలబడిపోయాడు, టీవీలో పడవ లేదు, తెరచాప లేదు, నీళ్లూ లేవు, నల్లటి తెర ఖాళీగా ఉంది, ఎదురుగా కుర్చీలో కాళ్ల మీద దుప్పటి కప్పుకున్న అతని భార్య మ్యూరియల్ మాత్రం అడుగుల చప్పుడు విని, పడవ భలే గీశావు ముసలాడా, ఆ తెరచాప నీ ముక్కు కంటే ఎర్రగా ఉంది, అంటోంది, ఏ పడవ, ఎక్కడి పడవ, దేవుడా.

కప్పులు బల్ల మీద పెట్టి కంప్యూటరును ఒళ్లోకి లాక్కుని ప్రోగ్రాం లైన్లు పైకి రప్పించాడు, హడర్స్‌ఫీల్డ్‌లో తను లెక్కలు చెప్పిన బడినే బతిమాలి తెచ్చుకున్న మిషన్ ఇది, పక్షవాతం వచ్చాక మ్యూరియల్‌కి ఎడమ పక్క లోకమే లేదు, పళ్లెంలో కుడి సగం తినేసి, బంగాళాదుంపలు వెయ్యలేదేం పిసినారీ, అని దెబ్బలాడేది, ఎడమ సగంలో అవి చల్లారిపోతూ ఉండేవి, డాక్టరేమో, వచ్చే చూపైతే ఈపాటికే వచ్చేదండీ, ఇక ఆశ పెట్టుకోకండి, అన్నాడు, అనేస్తే సరిపోయిందా, తెర మీద చిన్న కిటికీ కట్టాడు డెరిక్, బొమ్మ ఆ నాలుగు అంచుల లోపలే పడాలి, మొదట ఆమెకు కనిపించే కుడి వైపున, తర్వాత రోజుకింత ఎడమకి, చూపు దాని వెంట నడిచొస్తుందని, తానేమో టీవీ పక్కన కూచుని తెర వంక చూడకుండా ఆమె మొహం వంకే చూసేవాడు, అదిగో కనిపిస్తోంది, ఇంకా జరిగినా కనిపిస్తోంది, అని ఆమె అంటుంటే వంటింట్లోకి వెళ్లి ఏడ్చాడు కూడా, ఆ సంబరంలోనే కాబోలు సోమవారం నుంచి కిటికీ అంకెలు మారుస్తూ పడవ అంకెలు మార్చడం మరిచాడు, కిటికీ ఎడమకి పోయింది, పడవ ఉన్నచోటే ఉండిపోయింది, అంచు దాటి పడే గీత ఈ మిషన్ లెక్కలో తప్పు కాదు, దాన్ని చూపించదు, అంతే, నోరెత్తదు.

పడవ ఎక్కడుంది మ్యూరియల్, అన్నాడు, ఎడమ పక్కనే కదా, నువ్వు పెట్టిన చోటే, ముందు ఆ టీ ఇటియ్యి, చల్లారిపోతుంది, అంది, పాపం లేని బొమ్మను ఆమె మెదడే కల్పించుకుంటోందేమో, అలాగైనా బావుండు, అనుకుంటూ అంకెలు సరిచెయ్యకుండానే మళ్లీ నడిపించి ఈసారి ఆమె కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూశాడు, అవి తెర మీద లేవు, తెర వైపు పోనేలేదు, అతని మొహం మీదే ఉన్నాయి, కావాలని కనుబొమలు కాస్త ఎత్తాడు, అదిగో, అంది వెంటనే, వచ్చేసింది పడవ, నిన్నటికంటే ఇంకా ఎడమకి, ఈ వారం నువ్వెంత హుషారుగా ఉన్నావో తెలుసా ముసలాడా, అని నవ్వింది, అతనూ నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు, ఆ చూపు ఇక రాదు, ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు, ఇతను తట్టుకోలేడని ఇన్నాళ్లూ ఒక్కతే మోసింది.