హనుమండ్లు నడుముకున్న కటింగ్ ప్లేయర్

వానకు సిగ్నల్ పోయి క్రికెట్ మ్యాచ్ ఆగిపోయింది. పంచాయతీ ఆఫీసులో తెర ముందు కూర్చున్న జనం లేవబోతుంటే, కరీంనగర్‌లో డిగ్రీ చదివే సృజన అడ్డం వచ్చింది.

"జర కూసోండ్రి. ఒక సినిమా ఏస్త. వేరే దేశంల, యుద్ధమప్పుడు నిజంగ జరిగిందే."

సక్కుబాయి ఇంటిమీదికి పోయేవాళ్ళను కాసేపు ఆపాలని ఆ పిల్ల పాట్లు పడుతోందని, వెనక గోడకు ఒరిగి కూర్చున్న అనసూర్య ఒక్కతే కనిపెట్టింది.

పొద్దున కొండల్ బిడ్డకు ఫిట్సు వచ్చాయి. వాకిట్లో కోసిన నిమ్మకాయ దొరికింది. ఇంకేముంది, సక్కుబాయి మంత్రాలు చేసిందన్నారు. వాన వెలవగానే ఆమె పళ్ళు పీకాలని మగవాళ్ళు మాట అనుకున్నారు. నోట్లో పళ్ళు లేకపోతే మంత్రం పలకదని ఆ ఊళ్ళో నమ్మకం. వెనకట హనుమండ్లు కొడుకు కామెర్లతో పోయినప్పుడు అనసూర్యను కరెంటు స్తంభానికి కట్టి అట్లాగే పీకారు. పీకింది వరుసకు మరిదైన హనుమండ్లే. బోరు మోటార్లు బాగుచేసే అతని నడుముకు అప్పుడూ ఇప్పుడూ అదే కటింగ్ ప్లేయర్.

తెరమీద రైలు ఆగింది. సిపాయిలు తుపాకీ మడమలతో మనుషులను కిందికి తోశారు. తల్లుల చేతుల్లోంచి పిల్లలను గుంజారు. ఎముకల గూళ్ళవంటి శవాలను యంత్రం గుంతలోకి నెట్టింది. ఒకదాని చెయ్యి గాలిలో ఊగి, మిగతావాటి కింద పడిపోయింది.

"అయ్యో, బిడ్డలారా!" అని ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"గంతమంది ఉండి ఎందుకు తిరగబడలే?" అన్నాడు కొండల్.

"కట్టేస్తే ఎట్ల తిరగబడుతరు బే? నీకేం ఎరుక?" అని హనుమండ్లు కసిరాడు. అతని చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

అప్పుడు తెరనిండా దంతాలు వచ్చాయి. చచ్చినవాళ్ళ నోళ్ళలోంచి పీకిన బంగారు పళ్ళు, కుప్పగా.

అనసూర్య చెయ్యి దానంతటదే మూతిమీదికి పోయింది.

"థూ! గిసోంటి పని మనుషులు చేస్తరా?" హనుమండ్లు లేచి నిలబడ్డాడు. "గా సిపాయిలు నా చేతికి దొరికితే కుత్తుకలు కోద్దును!"

ఒకరిద్దరు తల తిప్పి అనసూర్యను చూసి, వెంటనే నేల చూశారు. హనుమండ్లు మాత్రం చూడలేదు. అతనికి గుర్తు రాలేదు. నిజంగానే గుర్తు రాలేదు. రాత్రుల్లో ఇప్పటికీ ఆమె నోట్లో ఇనుము రుచి ఊరుతుంది. అతడేమో ఎవరికోసమో ఏడుస్తున్నాడు.

బయట వాన తగ్గింది. హనుమండ్లు ముక్కు చీది, లుంగీ ఎగగట్టాడు.

"సరే, లేవుండ్రి. సక్కుబాయి సంగతి చూద్దాం."

సృజన తలుపుకు అడ్డంగా నిలబడింది. "గింత చూసినంక గూడనా, కాకా?"

"గది వేరే దేశం బిడ్డా. గిది మన ఊరి ముచ్చట. పక్కకు జరుగు." ఆమెను భుజం పట్టి నెట్టాడు. పిల్ల తల గోడకు కొట్టుకుంది.

అనసూర్య ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. అతని నడుములోంచి కటింగ్ ప్లేయర్ గుంజి, వెనక్కి తిరిగిన మొహాన బలంకొద్దీ కొట్టింది. పెదవి చీలింది. అతను కూలబడ్డాడు. ఆమె అతని రొమ్ముమీద మోకాలు పెట్టి, దవడ తెరిచి, ముందరి పన్ను పట్టుకుని మెలిపెట్టింది. అతని అరుపు, ఎముక విరిగిన చప్పుడు కలిసే వినబడ్డాయి. నెత్తురు ఆమె మోచేతిదాకా కారింది.

"యాదికొచ్చిందా, హనుమండ్లూ?" అంది. పళ్ళు లేని నోట్లో మాట సగం గాలికే పోయింది. అయినా అందరికీ అర్థమైంది.

కొండల్ ఆమె జుట్టు పట్టి ఈడ్చాడు. ఎవరో డొక్కలో తన్నారు. "దీనికింకా మంత్రాలున్నయిరా!" అని ఒక ముసలాయన గొంతు చించుకున్నాడు. హనుమండ్లు పెండ్లాం శోకం పెట్టేసరికి, అందరూ అతన్ని జీపులో వేసుకుని ఇచ్చోడ దవాఖానకు ఉరికారు.

ఒక చెయ్యి పైకి లేవకపోయినా, రెండో చేతిలో కటింగ్ ప్లేయర్ వదలకుండానే అనసూర్య నడుచుకుంటూ సక్కుబాయి ఇంటికి పోయింది. సృజన నుదురు ఒత్తుకుంటూ వెంట వచ్చింది.

"గా నెత్తురేందక్కా?" తలుపు తీసిన సక్కుబాయి అడిగింది.

"లోపల్కి పో. గొళ్ళెం పెట్టుకో. ఈ పిల్ల ఆటో పిలుస్తది. తల్లిగారింటికి పోయి మళ్ళ గీ ఊరి మొహం చూడకు."

"మరి నువ్వు?"

అనసూర్య గడపమీద కూలబడి, కటింగ్ ప్లేయర్‌ను కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. జీపు తిరిగి వచ్చే బాట వైపు మొహం పెట్టింది.

"నేనీడనే కూసుంట," అంది.