కరకట్టలో పదకొండు గుంజలు

నెదర్లాండ్స్‌ తీరంలో సముద్రపు కరకట్టను కనిపెట్టుకుని తిరిగేవాళ్ళలో పీటర్నెల్ ఒకతె. కట్ట వాలులో నీరు ఊరుతోందని ఆ ఉదయం పసిగట్టింది ఆమే. కారణం కోసం వెతకనక్కర్లేదు. గొర్రెల కంచె కోసం తమ్ముడు క్రైన్ దిగగొట్టిన పదకొండు గుంజలూ అక్కడే ఉన్నాయి.

ఇంటికొచ్చి, కరకట్టల బాగోగులు చూసే నీటి బోర్డుకు పంపాల్సిన కాగితం ముందు పెట్టుకుంది. కాఫీకి వచ్చిన క్రైన్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

"నీరు ఊరుతోందని రాయక్కా, చాలు. ఎందుకని వాళ్ళేమన్నా అడిగారా?"

"అడిగేదాకా కూర్చుంటే మంచాలు తేలతాయి. అంతవరకే రాస్తే నాలుగు ఇసుక బస్తాలు పడేసి పోతారు. నీ గుంజలు అక్కడే ఉంటాయి."

"సొంత తమ్ముడి మీదే రాస్తావన్నమాట."

పీటర్నెల్ బిస్కెట్ల డబ్బా మూత బిగించేసింది. "క్రైన్ కట్టలో గుంజలు పాతాడు, దానివల్ల నీరు ఊరుతోంది" అని పెద్ద అక్షరాలతో రాసింది. కలం కాసేపు ఆగింది. తర్వాత ఇంకా గట్టిగా నొక్కి రాసింది: "మొదటి గుంజను పోయిన నెలే చూశాను. తమ్ముడు కదా అని ఊరుకున్నాను. అందువల్ల అవి పదకొండయ్యాయి."

క్రైన్ కప్పు కింద పెట్టేశాడు. "మతి పోయిందా నీకు? ఇది చదివాక నిన్ను కట్ట మీద అడుగు పెట్టనిస్తారా?"

"నేనైతే పెట్టనివ్వను," అని సంతకం చేసింది పీటర్నెల్.