ముహూర్తం మీద డెలివరీ చార్జీ

ఆండాళ్‌కు యాభై ఒకటో ఏడు. మోకాళ్లు పట్టుకుని మూలిగే వయసులో ఈవిడకు మోటార్‌సైకిలేమిటని కాన్‌బెర్రాలో వాళ్లుండే హారిసన్ పేటలో ముక్కున వేలేసుకోని తెలుగు ఇల్లు లేదు. వేసుకున్నవాళ్లు వేసుకున్నారు. ఆవిడ మాత్రం చలికాలమైనా ఎండాకాలమైనా ఆఫీసుకు బండి మీదే వెళ్లింది. ఆ ఊళ్లోనే ఓ ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టర్ల బిల్లులు చూసి పాస్ చెయ్యడం పద్దెనిమిదేళ్లుగా ఆవిడ ఉద్యోగం. ఆవిడ బల్ల దాటి ఒక్క దొంగ బిల్లు బయటపడిందంటే సూర్యుడు పడమట పొడిచినట్టే.

ఆ ఏడు ఫిబ్రవరిలో కొత్త మోడల్ ఒకటి విడుదలైంది. ముదురాకుపచ్చ రంగు. ఇంజను గట్టిది, సీటు మాత్రం పొట్టివాళ్ల మీద దయతలచి చేసినంత కింద. ఆండాళ్ కాళ్లు రెండూ నిండుగా నేలకు ఆనుతాయి. ఊరికి వచ్చినవి రెండే, మళ్లీ వచ్చేది సెప్టెంబరులోనే. ఫొటో చూసిన రోజే ఆవిడ మనసు పారేసుకుంది.

భర్త నరసింహకు బండి పేరెత్తితేనే గుండె దడ. ఊరికే దడ కాదు. మూడేళ్ల కిందట, పాత బండి కొన్న నెలలోనే, గంగాలిన్ రౌండబౌట్ మలుపు దగ్గర వాన తడికి జారిపడి ఆండాళ్ భుజం ఎముక విరిగింది. “అమాస నాడు కొంటె గిట్లనే అయితది” అని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఏడ్చాడాయన. అప్పటినుంచి ఆవిడ పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, కిటికీ దగ్గర నిలబడిపోయేవాడు. చేతిలో టీ చల్లారిపోయినా తెలిసేది కాదు.

అందుకే కొత్త బండి మాట రాగానే ఒకే ఒక్క షరతు పెట్టాడు. “మంచి టైంల షోరూం గేటు దాటాలె. అట్లయితే ఇగ నేను కిటికి కాడ నిలబడ. ఒట్టు.”

ఆండాళ్ సరేనంది. ఆవిడకు ముహూర్తాల మీద నమ్మకం అంతంత మాత్రమే. కానీ ఆ మనిషి కిటికీ వదిలి కుదురుగా కూర్చుంటాడంటే ఆవిడ దేనికైనా సరేననేది.

కాన్‌బెర్రా పంచాంగం ప్రకారం ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, పొద్దున తొమ్మిదీ నలభై నుంచి పదీ ఇరవై అయిదు దాకా దివ్యంగా ఉంది. పదీ నలభైకి రాహుకాలం పడుతుంది, పన్నెండూ రెండు నిమిషాలకు గానీ వదలదు. ఇంతవరకూ బాగానే ఉంది. అడ్వాన్సు కట్టిన రోజు మన మహానుభావుడు నరసింహ చేసిన నిర్వాకం చూడండి. సేల్స్‌మన్ క్రెయిగ్‌ను పక్కకు పిలిచి, ముహూర్తమంటే ఏమిటో, అది దాటితే ఏమవుతుందో, రాహువెవడో, వాడు ఎవర్ని మింగాడో అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. క్రెయిగ్ బుద్ధిగా విని డైరీలో రాసుకున్నాడు. ఫలానా నిమిషం దాటితే మేం ఆగలేమయ్యా అని అమ్మేవాడికే చెప్పుకోవడం! మన జుట్టు తీసుకెళ్లి వాడి చేతికివ్వడమంటే ఇంకేముంటుంది?

శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా ఇద్దరూ ట్రామూ బస్సూ మారి ఫిష్‌విక్‌లోని షోరూమ్‌కు చేరారు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ బండి మీద, ఆయన బస్సులో అని ఏర్పాటు. బండి గేటు వైపు ముఖం పెట్టుకుని తళతళలాడుతోంది. నరసింహ ట్యాంకు మీద కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. క్రెయిగ్ మాత్రం రాడే! అదిగో ఇదిగో అంటూ పదింటికి గానీ కాగితాలు పట్టుకురాలేదు.

ఆండాళ్ కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివింది. బండి ధర పదమూడు వేల తొమ్మిది వందల తొంభై డాలర్లు, అనుకున్నదే. దాని కింద అనుకోనివి రెండు వరుసలు. డీలర్ డెలివరీ, ఆరు వందల తొంభై అయిదు. కొత్త మోడల్ ప్రిపరేషన్, నాలుగు వందల యాభై.

“ఇవేమిటి?” అంది ఇంగ్లీషులో.

“అందరికీ ఉండేవే. పెట్టె విప్పాలి, చక్రాలు బిగించాలి, పెట్రోలు పొయ్యాలి...” అన్నాడు క్రెయిగ్.

“మీ ప్రకటనలో రైడ్ అవే అని ఉంది. రిజిస్ట్రేషను, పన్ను, మీ చాకిరీ, అన్నీ అందులోనే. ఆ డబ్బు పారేసి బండెక్కి పోవడమే.” ఆవిడ సంచిలోంచి ప్రకటన కాగితం, అడ్వాన్సు రసీదు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. రెండిట్లోనూ అదే అంకె.

క్రెయిగ్ వాటివైపు చూడనైనా లేదు. “క్వీన్‌బియన్ నుంచి ఒకాయన నిన్ననే ఫోన్ చేశాడు. ఈ చార్జీలతోనే ఇవాళ తీసుకుపోతానంటున్నాడు. మీ ఇష్టం.” గోడ గడియారం వైపు తిరిగి, “మీ టైం దాటిపోతుందేమోనని నా బాధ” అన్నాడు.

ఎంత బాధో, పాపం!

నరసింహ ఆవిడ చెవి దగ్గర చేరాడు. “ఇచ్చెయ్‌రాదు ఆండాళూ. పదకొండు వందలే గద. పదీ పదైంది.”

“పదకొండు వందల నలభై అయిదు. మీరు ఊకోండ్రి.”

“ఊకుంటె టైం ఊకుంటదా?” ఆయన గొంతు వణికింది.

ఆ వణుకే ఆవిడను పడగొట్టింది. క్రెయిగ్‌లాంటివాళ్లు వందమంది వచ్చినా ఆవిడ ముందు పప్పులుడకవు. కానీ ఇప్పుడు బిల్లు గెలిస్తే ఇంటి దగ్గర కిటికీ మిగులుతుంది. డబ్బు పోతే పోనీ, ఈ మనిషి నిశ్చింతగా టీ తాగితే చాలుననుకుంది. జన్మలో మొదటిసారి తప్పుడు బిల్లు మీద సంతకం చెయ్యడానికి పెన్ను తీసింది. ఒళ్లు మండిపోతోంది, అయినా తీసింది.

పెన్ను చూడగానే క్రెయిగ్‌కు ఆశ పుట్టింది. అత్యాశకు అంతెక్కడ? సొరుగులోంచి మరో కాగితం లాగాడు. “పెయింట్ ప్రొటెక్షన్ కూడా వేయించుకోండి. మూడు వందల తొంభై తొమ్మిదే.” నరసింహ వైపు చూసి కన్ను గీటాడు. “ఇది వేస్తే మీ రాహువు కూడా గీత పెట్టలేడు, మేట్.”

నరసింహ ఆండాళ్ వైపు తిరిగాడు. “పెన్ను కింద పెట్టు” అన్నాడు.

“పదీ పదిహేనైంది” అంది ఆండాళ్ అయోమయంగా.

“కానియ్. నేను నమ్మి నా దేవుని ముచ్చట చెప్తే, వీడు దానికి రేటు కట్టిండు.” విసవిసా బండి దగ్గరికి నడిచి, వంగి, నిమ్మకాయలు రెండూ తీసి జేబులో వేసుకున్నాడు. వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని, “మాకేం తొందర లేదు. మా ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పు” అని ఇంగ్లీషులో స్పష్టంగా అన్నాడు.

అంతే, ఆండాళ్‌కు వెయ్యేనుగుల బలం వచ్చింది. మేనేజర్‌ను పిలవమంది. ఆయన రాగానే గొంతు పెంచకుండా ఆఫీసులో చేసే పనే చేసింది. “ఈ రెండు వరుసలు ఎందుకు వేశారో ఒక కాగితం మీద రాసి, పేరు పెట్టి సంతకం చెయ్యండి. ప్రకటన పక్కన పెట్టి కన్స్యూమర్ ఆఫీసుకు పంపిస్తాను. రాసిచ్చేదాకా ఇక్కడే ఉంటాం. సాయంత్రం అయిదైనా సరే.”

నోటితో వెయ్యి చెప్పేవాడైనా సంతకం అనేసరికి నీళ్లు నములుతాడు. పద్దెనిమిదేళ్లలో ఈ మందు పనిచెయ్యని జబ్బును ఆవిడ చూడలేదు. మేనేజరూ క్రెయిగూ లోపలికి పోయి గుసగుసలు మొదలెట్టారు.

పదీ ఇరవై అయిదు అయింది. నరసింహ గడియారం వైపు చూడనే చూడనని తల వంచుకుని కూర్చున్నాడు. ఆండాళ్ ఆయన చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. పదీ నలభై దాటింది. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

పదకొండుకు మేనేజర్ కొత్త కాగితం తెచ్చాడు. ఆ రెండు వరుసలూ లేవు. “పొరపాటు జరిగింది” అన్నాడు. ఆండాళ్ మళ్లీ పైనుంచి కిందికి చదివి, అడ్వాన్సు పోగా మిగిలింది కట్టేసి, సంతకం పెట్టి తాళం అందుకుంది. గెలిచింది! ఎగిరి గంతెయ్యాలనిపించింది. పక్కనున్న మనిషిని చూసి ఆగిపోయింది.

“పన్నెండూ రెండు దాక కూసుందాం. రాహుకాలం పోనియ్యి. ఎదురుంగ కాఫీ దుకాణముంది” అంది మెల్లగా.

నరసింహ లేచాడు. “వద్దు. వాని కండ్ల ముందల మళ్ల గడియారం చూసుకుంట కూసోను.” నేరుగా గోడకు వరసగా తగిలించిన హెల్మెట్ల దగ్గరికి వెళ్లి, ఒకటి తలకు సరిపెట్టి చూసుకున్నాడు. దాని పక్కనున్న దళసరి జాకెట్టూ తొడుక్కున్నాడు. రెండూ కలిపి అయిదు వందల ఇరవై. మారుమాట లేకుండా కార్డు పెట్టాడు.

ఆండాళ్ దగ్గరికి వచ్చింది. “అదేంది? మీరు బస్సుల గద పోయేది!”

“రాహుకాలంల నిన్నొక్కదాన్నే పంపి నేను బస్సుల కూసోవాల్నా?” అన్నాడు గడ్డం కింద హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ. తొందరలో చర్మం నొక్కుకుంది, చిరాకుపడి మళ్లీ విప్పి పెట్టుకున్నాడు. “ఏమన్న అయితే ఇద్దరికి అయితది. నడువు.”

ఆవిడ కళ్లు మసకబారాయి. ఇంటినుంచి తెచ్చుకున్న హెల్మెట్ పెట్టుకుని, దాని అద్దం పైకెత్తి కళ్లు తుడుచుకుంది. బండెక్కి రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలిపింది. ఆయన మెట్టెక్కినట్టు ఒక్కో కాలూ జాగ్రత్తగా పెట్టి వెనక కూర్చుని, ఆవిడ నడుము చుట్టూ రెండు చేతులూ వేసి ఊపిరాడనంత గట్టిగా పట్టుకున్నాడు. బండి గేటు దగ్గర ఆగింది. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్లిపోయింది.

“భయమైతున్నదా?” అని అడిగింది ఆండాళ్.

“అయితున్నది” అన్నాడు నరసింహ. “పోనియ్.”

ఆండాళ్ పోనిచ్చింది.