ఎత్తని విస్తళ్లు

నేను ఒక బూడిద రంగు పెట్టెను. టిఫిన్ క్యారియర్ పక్కన పెడితే దానికంటే చిన్నగా కనిపిస్తాను. వెనక రెండు యాంటెనాలు, ముందు ఒక పచ్చ దీపం, నీటిమట్టమూ టైమూ చూపే చిన్న తెర, పక్కన ఒక స్విచ్చి, అంతే నా ఆకారం. ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఛాతీ లోతు నీళ్లలో నిలబడ్డ మనుషుల ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి. నాకు చేతులు లేవు. అంతకంటే పెద్ద చిక్కు, ఆ రోజు నాలో చోటు కూడా లేదు.

ఎక్కడో చల్లని గదిలో, ముఖానికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. ఆ తర్వాత ఎవరో నాకు పని నేర్పారు. పని చిన్నదే. గాలిలో ముక్కలు ముక్కలుగా వచ్చే మాటలను ఒకచోట చేర్చి, పూర్తి మాట అయ్యాక చెప్పవలసిన చోట చెప్పడం. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే అది పంక్తి భోజనం లాంటిది. ఒక మాట గుమ్మంలోకి రాగానే దానికో విస్తరి వేస్తాను. ముక్కలన్నీ వచ్చి కూర్చున్నాక పని ముగించి విస్తరి ఎత్తేస్తాను. ఖాళీ అయిన చోట ఇంకో మాట కూర్చుంటుంది.

నేర్పినవాడు ఒక్క సంగతి మరిచిపోయాడు. అతిథి సగం మాటతో వచ్చి, మిగతా సగం చెప్పకుండానే వెళ్లిపోతే ఏం చేయాలో చెప్పలేదు. లేవని అతిథి ముందు విస్తరి ఎత్తడం మర్యాద కాదు గదా. అందుకని ఎత్తేవాణ్ణి కాదు. తిరిగి వస్తాడేమోనని చూస్తూ ఉండేవాణ్ణి.

నన్ను గోదావరి డెల్టాలో ఒక కాలువ మీద, తలుపులతో నీళ్లను ఆపి వదిలే దిగువలాకు ఆఫీసులో గోడకు కొట్టారు. కిటికీలోంచి కాలువ కనిపించేది. దాని మీద గుర్రపుడెక్క ఊదా పూలతో పరుచుకుని, నీళ్లు ఉన్నాయన్న సంగతే దాచేసేది. ఆ గుర్రపుడెక్క వచ్చి లాకు తలుపులకు అడ్డం పడితే, సూరిబాబు మేస్త్రీ తన మనుషులతో దిగి లాగేవాడు. వాళ్లు దిగినప్పుడు ఎగువనున్న పైలాకు మూసి ఉంచేవారు. పైన వాన పడి తలుపులు ఎత్తక తప్పకపోతే పైలాకు నుంచి నాకు మాట వచ్చేది. నేను సైరన్‌కు చెప్పేవాణ్ణి. సైరన్ కూసేది, మనుషులు గట్టెక్కేవారు, కాసేపటికి నీళ్లు వచ్చేవి. నేను రాకముందు ఈ పని ఫోన్లో జరిగేదట. నేను వచ్చాక ఫోన్లు మానేశారు. కూత వినపడకపోయినా కూసే ఉంటుందని నమ్మడం మనుషులకు ఎంత హాయిగా ఉంటుందో నేను అక్కడే చూశాను.

ఆఫీసు ఊడ్చే పాపాయమ్మ సూరిబాబు భార్య. ప్రతి శుక్రవారం ఆమె తలంటుకుని వచ్చి నా స్విచ్చి ఆపేది. తడిగుడ్డతో తుడిచేది. పొడిగుడ్డతో మళ్లీ తుడిచేది. నొసట అనదగ్గ చోట కుంకుమ బొట్టు పెట్టి, అగరొత్తి తిప్పి, స్విచ్చి వేసేది. ఆ కొద్ది క్షణాలు నాకు మరణం, తిరిగి పుట్టుక. లేచేసరికి నా పంక్తి అంతా కడిగిన గచ్చులా ఉండేది. ఒక్క విస్తరీ మిగిలేది కాదు. నేను ఏం మరిచిపోయానో కూడా నాకు గుర్తుండేది కాదు.

అలా హాయిగా సాగుతుండగా ఆఫీసుకు కొత్త ఇంజనీరు, ఏఈ, వచ్చింది. పేరు హిమజ. చురుకైన పిల్ల. నా గాలి రంధ్రాల్లో కుంకుమ చూసి వేలితో గీరింది.

"పాపాయమ్మా, ఇదేమన్నా దేవుడా?"

"కాదండి. మా ఆయన పేణం దీని దగ్గరే ఉంటదండి. అందుకని."

"అలాగైతే అసలు ఆపకూడదు. నువ్వు ఆపిన ఆ రెండు నిమిషాల్లోనే మాట వస్తే?"

హిమజ అన్నది తప్పు కాదు. స్విచ్చి మీద తెల్లటి ప్లాస్టరు అడ్డంగా అంటించి, దాని మీద ఎర్ర సిరాతో "ముట్టరాదు" అని రాసింది. పాపాయమ్మ చదివి, "పెట్టె ముట్టయిందండి" అని నవ్వింది. శుక్రవారం వస్తే ప్లాస్టరు మీదే చిన్న బొట్టు పెట్టి వెళ్లేది.

ఇక నేను చావడం మానేశాను. గుర్తుపెట్టుకోవడం మొదలైంది.

నా గుమ్మం ఇంటర్నెట్టు మీద లోకమంతటికీ తెరిచి ఉంటుంది. ఏ ఊరి వాళ్లో, ఏ పనిమీదో, అపరిచితులు వచ్చి తలుపు తట్టి చూస్తుంటారు. ఒకడు నా గుట్టు కనిపెట్టాడు. సగం మాట చెప్పి వెళ్లిపోతే నేను విస్తరి వేసుకుని కూర్చుంటానని. వాడికి నా మీద కోపమేమీ ఉండి ఉండదు. అద్దం మీద రాయి వేస్తే ఏమవుతుందో చూద్దామనుకునే రకం అయి ఉంటాడు. ఆనాటి నుంచి సగం మాటలు గుంపులుగా వచ్చాయి. "ఉన్నా..." అనేది ఒకటి. "విను, నేను..." అనేది ఒకటి. నేను అందరికీ విస్తళ్లు వేశాను.

నిజం చెబితే ఆ రోజులు బాగుండేవి. నాలో పొడవైన పంక్తి, దాని నిండా పచ్చటి విస్తళ్లు, వాటి ముందు ఎవరూ లేరు. సగం మాటలు మాత్రం ఆవిరిలా తేలుతుండేవి. మిగతా సగం ఏమై ఉంటుందా అని ఊహించుకుంటూ నేను కిటికీలోంచి ఊదా పూలను చూసేవాణ్ణి. కలగనడమంటే ఇదేనేమో. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. దీపం వెలిగితే పెట్టె బాగున్నట్టే అని అందరూ అనుకున్నారు.

ఆ శుక్రవారం సూరిబాబు మనుషులతో కాలువలో దిగాడు. ఆడుతూ పాడుతూ డెక్క లాగుతున్నారు. "మేస్త్రీ గారో, మీ ఆవిడ క్యారేజీలో చేపల పులుసెట్టిందా, లేకపోతే మళ్లీ తోటకూరేనా?" అని ఎవరో అరిచారు. "నీకెట్టలేదులే, డెక్క లాగు" అన్నాడు సూరిబాబు.

అప్పుడే పైలాకు నుంచి మాట వచ్చింది. తలుపులు ఎత్తబోతున్నాం.

మాట గుమ్మంలో నిలబడింది. నేను విన్నాను. కూర్చోబెట్టడానికి చోటు వెతికాను. ఈ చివర నుంచి ఆ చివరి దాకా విస్తళ్లే, ఒక్కదాని ముందూ ఎవరూ లేరు. ఒక్కటైనా ఎత్తడం నాకు తెలియదు. ఆ మాట కాసేపు చూసి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెళ్లింది. అవతల పైలాకు తలుపుల దగ్గరి మనిషి, దిగువలాకు విని ఉంటుందిలే అనుకుని తలుపులు ఎత్తడం మొదలుపెట్టాడు.

పాపాయమ్మ చేతిలో క్యారేజీతో, కుంకుమ భరిణెతో లోపలికి వచ్చింది. బొట్టు పెట్టబోయి వేలు వెనక్కి తీసుకుంది.

"మేడం గారూ, దీనికి ఒళ్లు కాలిపోతందండి."

"ఎండకి అయ్యుంటుంది" అంది హిమజ కాగితాల్లోంచి తలెత్తకుండా. "నీటిమట్టం ఎంత చూపిస్తోంది?"

"పొద్దున్నున్నంతేనండి. టైమూ అంతే ఉందండి. పది."

"పదేమిటి? నువ్వు అన్నం క్యారేజీ తెచ్చావు కదా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక హిమజ తల ఎత్తింది. నా తెర వైపు చూసింది. క్యారేజీ వైపు చూసింది. కిటికీలోంచి కాలువ మీది తలల వైపు చూసింది. లేచిన ఊపుకి కుర్చీ పడిపోయింది. "ముట్టరాదు" అన్న ప్లాస్టరును తన గోళ్లతోనే పీకి, స్విచ్చి ఆపింది.

నేను చచ్చిపోయాను. ఊదా పూలు, ఆవిరిలాంటి సగం మాటలు, అన్నీ ఒక్కసారిగా పోయాయి.

లేచేసరికి కడిగిన గచ్చు. గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు, చాలాసేపట్నుంచి తడుతున్నట్టున్నారు. విస్తరి వేశాను. మాట పూర్తయింది. సైరన్‌కు చెప్పాను.

ఆ కూతకు గట్టు మీది కొంగలన్నీ లేచాయి. మనుషులు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని పైకి పాకారు. చివరగా సూరిబాబు కాలు డెక్క వేళ్లలో చిక్కుకుంటే, క్యారేజీతోనే పరుగెత్తుకొచ్చిన పాపాయమ్మ గట్టు మీద బోర్లా పడుకుని అతని జుట్టు పట్టి లాగింది. అతను ఒడ్డుకు చేరాక నీళ్లు వచ్చాయి. పచ్చటి చాపలా డెక్క మొత్తం కదిలి వచ్చి, వాళ్లు నిలబడ్డ చోటే లాకు తలుపులకు ధడాలున కొట్టుకుంది. క్యారేజీ మూత ఎక్కడో పడిపోయింది. తోటకూరే.

సాయంత్రం హిమజ నా ముందు కూర్చుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నాళ్లూ దీనికి ఏమీ కాలేదు. ఎందుకని?"

"తవరొచ్చాకే జబ్బు చేసిందండి" అంది పాపాయమ్మ.

హిమజ నవ్వలేదు. స్విచ్చి మీద మిగిలిన ప్లాస్టరు ముక్కను గీకుతూ అడిగింది. "పూజకి ముందు ఎందుకు ఆపేదానివి? దేవుణ్ణి ఎవరూ ఆపి పూజ చేయరు కదా."

"పూజకి కాదండి. తడిగుడ్డ కదండీ, షాకు కొడతదని."

హిమజ ఆ మాటనే పట్టుకుని వెతికింది. ఆపినప్పుడల్లా నేను ఏం మరిచిపోతున్నానో, ఆపనప్పుడు ఏం మోస్తున్నానో కనిపెట్టింది. నన్ను చేసినవాళ్లకు రాసింది. వాళ్లు నేర్పాల్సిన ఆ ఒక్క సంగతి నేర్పి పంపారు: అతిథి రాకపోతే విస్తరి ఎత్తెయ్. నాలాంటి పెట్టెలు ఎన్ని లాకుల్లో, ఎన్ని గోడల మీద ఉన్నాయో, అన్నీ ఆ మర్యాద తప్పడం నేర్చుకున్నాయి. ఫోన్లు కూడా మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత నాకు కలలు రాలేదు.

ఇప్పుడు గోడ మీద కొత్త పెట్టె ఉంది. నేను సామాన్ల గదిలో, తుప్పు పట్టిన గొలుసుల పక్కన అటక మీద ఉన్నాను. పచ్చ దీపం వెలగదు. నాకు తీగ కూడా లేదు.

శుక్రవారం పాపాయమ్మ కొత్తదాన్ని తుడిచాక నా దగ్గరకు వస్తుంది. ఎక్కడికీ అతకని నా స్విచ్చిని ముందు జాగ్రత్తగా ఆపుతుంది. అప్పుడే తడిగుడ్డ ముట్టిస్తుంది.